అక్క జెల్లలు, నా గచ్చు

తుంటి ఎముక ఆపరేషనుకి ఆస్పత్రికి వెళుతూ మా అక్క ఇంటి గురించి ఒక్క ముక్క చెప్పలేదు. చెప్పిందల్లా చేపల గురించే.

"వారానికోసారి పావు వంతు నీళ్ళు మార్చు. సాయంత్రం తిండి వెయ్యి. నీ తెలివి మాత్రం ఉపయోగించకు."

ఆ ఆఖరి మాటకే నాకు ఒళ్ళు మండింది. ముప్ఫై ఏళ్ళుగా ఇళ్ళకి టైల్స్ పరుస్తున్న మేస్త్రీని నేను. అమ్మ పోయాక నన్ను పెంచింది అక్కే, కాదనను. పెంచినంత మాత్రాన, యాభై ఏళ్ళొచ్చినా చంకలో పిల్లాణ్ణి చూసినట్టు చూస్తే ఎలా?

ఆ చేపలు ఆరు. బొటనవేలంతేసి జెల్లలు. ఎవరి జోలికీ పోవు. పైన అన్ని నీళ్ళుండగా అడుగునే గుంపుగా తిరుగుతాయి. మీసాలతో ఇసుక తడుముకుంటూ, మూతి అందులో గుచ్చి తిండి వెతుక్కుంటాయి. మధ్యలో ఒకటి రివ్వున పైకెళ్ళి, గుక్కెడు గాలి మింగి, ఏమీ ఎరగనట్టు మళ్ళీ కిందికొచ్చేస్తుంది. వాటి ముందు కూర్చుంటే అక్క పిలిచినా పలకదు.

నాకు మాత్రం ఆ అడుగు చూస్తే తల కొట్టేసినట్టుండేది. నేలలు పరిచేవాడి ఇంట్లో, గాజు తొట్టిలో, వచ్చే పోయే వాళ్ళందరికీ కనబడేలా ఒట్టి ఇసుకా! అక్క వచ్చేసరికి అదిరిపోవాలనుకున్నాను. పని దగ్గర మిగిలిన నల్ల గ్రానైటు తెచ్చి, సుత్తితో చిన్న చిన్న ముక్కలు కొట్టి, కడిగి, మట్టం చూసి మరీ పరిచాను. తీసేసిన ఇసుక ఎవరింటి బాత్రూము గచ్చులోనో కలిసిపోయింది. లైటు వేస్తే తొట్టి అడుగంతా తళతళలాడింది.

"వదిన ఒప్పుకుందా?" అంది మా ఆవిడ.

"చూశాక తనే ఒప్పుకుంటుంది" అన్నాను.

ఐదో రోజుకి చేపలు తిరగడం మానేసి ఓ మూల నక్కాయి. ఎనిమిదో రోజు ఒకటి వెల్లకిలా తేలింది. చేతిలోకి తీసుకుని చూస్తే దానికి మీసాల్లేవు. వాటి చోట ఎర్రటి పుండ్లున్నాయి.

చేపల కొట్టుకి పరుగెత్తాను. కొట్టాయన అంతా విని, "అడుగున ఏం పరిచారు?" అన్నాడు.

"గ్రానైటు ముక్కలు. నేనే కొట్టాను" అన్నాను. ఇంకా కాస్త గర్వం మిగిలే ఉంది నాలో.

"మహానుభావా! వాటికి చెయ్యీ, ముక్కూ అన్నీ ఆ మీసాలే. గాజు పెంకుల మీద అన్నం పోసి తినమన్నారు మీరు."

"పుండు మానడానికి ఉప్పు వెయ్యనా?"

"ఆ పని కూడా చెయ్యకండి, ఈ జాతి తట్టుకోదు. మెత్తటి ఇసుక పోసి, నీళ్ళు శుభ్రంగా ఉంచండి. మొదలంటా పోని మీసం మళ్ళీ వస్తుంది."

ఆ రోజు పని మానేశాను. సిమెంటు సోకని ఇసుక తెచ్చి, రెండుసార్లు జల్లెడ పట్టి, తేట నీళ్ళొచ్చేదాకా పద్నాలుగు బకెట్లు పోసి కడిగాను. ఇంత శ్రద్ధగా నా సొంతింటి గచ్చు కూడా వెయ్యలేదు.

అక్కడ ఆస్పత్రిలో ఇంకో గొడవ. ఆపరేషను బాగానే జరిగింది గానీ అక్క అడుగు తీసి అడుగు వెయ్యనంటోంది. మొదటిరోజు కాలు కింద పెట్టగానే జారబోయిందట, అంతే, భయం పట్టుకుంది. బతిమాలాం, కోప్పడ్డాం. ఊహూఁ. "ఇంకో వారంలో నడవకపోతే ఆ కాలు బిగుసుకుపోతుంది, ఇక మంచమే" అన్నాడు డాక్టరు నన్ను పక్కకి పిలిచి. అక్క మాత్రం నన్ను చూడగానే ఒకటే ప్రశ్న.

"చేపలెలా ఉన్నాయిరా?"

"బ్రహ్మాండంగా ఉన్నాయక్కా."

నన్ను ఎత్తుకుని తిరిగిన మనిషి మంచాన పడుతుందేమోనని ఒక భయం. ఇంటికొచ్చి చూసుకోవడానికి ఉన్న ఆ కాస్త సంతోషాన్నీ నేనే తీసేశానన్న ఏడుపు ఇంకోటి.

ఇరవయ్యో రోజు సాయంత్రం చక్రాల కుర్చీలో ఇంటికి తెచ్చాం. మంచం మీద పడుకోబెట్టగానే, "ఆ తొట్టి ఇక్కడికి జరపరా, పడుకునే చూస్తాను" అంది. పడుకునే అన్న మాట వినేసరికి ఇక దాచడం నావల్ల కాలేదు.

"అక్కా, నేనో వెధవ పని చేశాను."

గ్రానైటు, మీసాలు, పోయిన చేప, అన్నీ చెప్పేశాను. చెబుతూ చెబుతూ చిన్నపిల్లాడిలా ఏడ్చేశాను.

"నా చేపల మీసాలు పోగొట్టావా! తెలివి ఉపయోగించకురా అని చెప్పానా లేదా? ఏదీ, తప్పుకో, చూడనీ!"

దుప్పటి అవతల పారేసింది. పక్కనున్న నాలుగు కాళ్ళ నడక స్టాండు లాక్కుంది. లేచి నిలబడింది. నేను ముందుకి వెళ్ళబోతే మా ఆవిడ నా చొక్కా పట్టుకుని ఆపేసింది. నన్ను కడిగిపారేస్తూ, అడుగుకో తిట్టు తిడుతూ, అక్క మంచం దగ్గర్నుంచి తొట్టిదాకా నడిచింది. తను నడుస్తున్న సంగతి తనకే తెలియదు.

ఐదు జెల్లలూ ఇసుకలో మూతులు పెట్టి వెతుక్కుంటున్నాయి. అక్క వంగి చూసింది.

"ఇదిగో, దీనికి వస్తోందిరా! రెండు పక్కలా!" అంది. గొంతు కాస్త మెత్తబడింది. "ఇసుక మెత్తగానే ఉంది. తిండి వేశావా వీటికి?"

"ఇంకా లేదక్కా."

"మరి దిష్టిబొమ్మలా నిలబడ్డావేం? డబ్బా తే."

డబ్బా నా జేబులోనే ఉంది.

"వంటింట్లో గట్టు మీదుందక్కా" అన్నాను.

మా ఆవిడ నా జేబులోంచి డబ్బా లాక్కుని పెరటి దారిన వంటింట్లోకి పరుగు తీసింది. "ఇదొక్కటీ నేనే చూసుకోవాలి, వీడి చేత ఏ పనీ కాదు" అని గొణుక్కుంటూ అక్క స్టాండు వంటింటి వైపు తిప్పింది.