ఎల్లం చెప్పిన సాక్ష్యం

మెదక్ బజారులో రాగి బిందెలకు మాట్లు వేసి కళాయి పూసే యూనుస్‌కు, తంతి స్తంభాలెక్కే లైన్‌మన్ ఎల్లంకు పదేళ్ల స్నేహం. 1962 ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం ఎల్లం ఒక గోనెసంచి తెచ్చి దుకాణంలో దించాడు. లోపల రాగి తీగె చుట్ట.

“మార్చిన పాత తీగె, యూనుస్ భాయ్. ఆఫీసుల జాగ లేదు. రెండు రోజులు ఉంచు.”

“సర్కారుది గదా?”

“నేనున్న గదా. ఫికర్ జెయ్యకు.”

మర్నాడే పోలీసులు వచ్చారు. అల్లాదుర్గ్ దారిలో ఎవరో తంతి తీగె కోసుకుపోయారని రాగిపని దుకాణాలన్నీ వెతుకుతున్నారు. చుట్ట దొరికింది. తంతి తీగె ఎవరి దగ్గర దొరికితే, అది న్యాయంగా వచ్చిందని వాళ్లే రుజువు చేసుకోవాలన్నది చట్టం. యూనుస్ నోరు విప్పలేదు. పేరు చెబితే ఎల్లం నౌకరి పోతుంది.

“ఎవలిచ్చిన్రో చెప్పుండ్రి,” అని భార్య నూరున్నీసా ఠాణాలో కటకటాలు పట్టుకుని బతిమాలింది.

“వాడే వచ్చి చెప్తడు. జర ఓపిక వట్టు.”

ఎల్లం వచ్చాడు. కోర్టుకు, సర్కారు తరఫు సాక్షిగా. తీగె చేతిలోకి తీసుకుని, మందం చూసి, తమదేనన్నాడు.

“ముద్దాయి నీకు తెలుసా?” అని సర్కారు వకీలు అడిగాడు.

“తెల్వదు సార్.”

యూనుస్ అతని ముఖంలోకే చూస్తూ నిలబడ్డాడు. ఈ తీగె తెగితే మన కబురు బొంబాయి చేరదని, అక్కడి నుంచి సముద్రం అడుగున విదేశాలకు పోయే తీగెకూ అందదని వకీలు వాదిస్తూనే ఉన్నాడు. అవేవీ యూనుస్ చెవికెక్కలేదు. ఏమైనా చెప్పుకుంటావా అని మేజిస్ట్రేటు అడిగితే తల అడ్డంగా ఊపాడు. ఆరు నెలల జైలు పడింది.

యూనుస్ విడుదలై వచ్చిన వారానికి ఎల్లం దుకాణం మెట్ల దాకా వచ్చి ఆగాడు.

“పిల్లలున్నరు భాయ్. భయమైంది.”

“నువ్వు అడిగితే నేరం నా మీదనే ఏసుకుంటుంటి, ఎల్లం. జైలుకు పోయినందుకు బాధ లేదు. నేనెవలో తెల్వదన్నవ్.”

ఎల్లం ఇంకేదో చెప్పబోయాడు. యూనుస్ కొలిమి తిత్తి అందుకుని ఊదడం మొదలుపెట్టాడు, అతను వెళ్లిపోయేదాకా ఆపలేదు. ఆ నెలాఖరుకే యూనుస్ భార్యాపిల్లలతో నర్సాపూర్‌కు మకాం మార్చాడు.