ఎవరి కోసం వచ్చారు?

ఆయన్ని ఊళ్లో అందరూ బోర్డులాయన అంటారు. ఒకప్పుడు దుకాణాల పేర్లు కుంచెతో రాసేవాడు. కుంచెల కాలం పోయాక, వేలితో తాకితే బదులు చెప్పే తెరలు ఎక్కడ పెట్టాలో, వాటి మీద ఏం రాయాలో గీసిచ్చే పనిలోకి దిగాడు. పని మారినా పేరు మారలేదు, నోటి దురుసూ తగ్గలేదు.

ఇప్పుడు చేతిలో ఉన్నది ఓ పెద్ద ఆఫీసు లాబీ. వచ్చినవాళ్లను తెరే పలకరించాలి, ఎవరి కోసం వచ్చారో అడగాలి, లోపలికి కబురు పంపాలి, కూర్చోబెట్టాలి. ఆ ఆఫీసు మేనేజర్‌కి మాత్రం తెర నిండా జలపాతం కావాలట, చెయ్యి ఊపితే సీతాకోకచిలుకలు ఎగరాలట. "సార్, వచ్చినవాడికి ముందు బాత్రూం ఎక్కడో చెప్పండి. సీతాకోకచిలుకల సంగతి తర్వాత చూద్దాం," అని ఈయన మొహం మీదే అనేశాడు. నిజానికి ఆ మాట ఆయనది కాదు, భార్యది. ఆవిడ ఇరవై ఎనిమిదేళ్లు ఓ కంపెనీ రిసెప్షన్‌లో కూర్చుంది. గుమ్మంలోకి అడుగుపెట్టిన మనిషి కంగారు పడుతున్నాడో, కోపంగా ఉన్నాడో, పొద్దున్నుంచి ఏమీ తినలేదో ఆవిడకి ఇట్టే తెలిసిపోయేది.

అందుకే ఏ తెర గీసినా ఆయన ముందు ఇంట్లోనే పరీక్ష పెట్టేవాడు. ఒక్కో తెరనూ ఒక్కో అట్ట మీద గీసి, హాల్లో స్టాండు మీద నిలబెట్టేవాడు. ఆవిడ చేతిసంచీ భుజాన వేసుకుని, వీధి తలుపు తీసుకుని కొత్త మనిషిలా లోపలికి వచ్చేది. అట్ట మీద వేలు పెట్టగానే ఆయన దాన్ని తీసి తర్వాతది పెట్టాలి. మెషిన్ ఆయనే కాబట్టి నోరు విప్పకూడదు, వేలు చూపించకూడదు. మొగుడి నోరు మూయించే భాగ్యం ఈ అట్టల వల్లే దక్కిందని ఆవిడ ఇంటికి వచ్చిన ప్రతివాళ్లకీ చెప్పి నవ్వేది.

మూడేళ్లుగా ఆవిడని మతిమరుపు జబ్బు కొద్దికొద్దిగా తినేస్తోంది. మొదట గ్యాస్ ఆపడం మరిచిపోయింది. తర్వాత తమ వీధే మరిచిపోయింది. పోయిన నెల కూతుర్ని చూసి, "కూర్చోండమ్మా, ఎవరు కావాలి?" అంది. కూతురు వంటింట్లోకి వెళ్లి కాసేపు ఏడ్చి, కళ్లు తుడుచుకుని వచ్చి, ఇలాంటివాళ్లని కనిపెట్టుకుని ఉండే హోమ్ ఒకటి చూశానని తండ్రితో చెప్పింది. ఆయన అంతెత్తున లేచాడు.

"మీ అమ్మకి నేను తెలుసు. నేను తెలిసినన్నాళ్లూ నా దగ్గరే ఉంటుంది."

"తెలియని రోజు వస్తే, నాన్నా?"

"ఆ రోజు నేనే ఫోన్ చేసి చెప్తాను. అంతవరకు ఆ మాట ఎత్తకు."

అనడమైతే అన్నాడు గానీ, ఆ రోజు నుంచి ఆయనకి మనసు మనసులో లేదు. "నేనెవర్ని, చెప్పు" అని అడగాలంటే భయం. పొద్దున్నే లేచి, "ఆ గడ్డం ఏమిటి, గీసుకోకూడదూ?" అని ఆవిడ కసిరేదాకా చుట్టూ తిరిగేవాడు. ఆ కసురు విన్నాక గానీ ప్రాణం కుదుటపడేది కాదు.

లాబీ అట్టలు ఆరూ తయారయ్యాయి. ఆ మధ్యాహ్నం ఆవిడ మొహం తేటగా కనిపించింది. సంచీ తెచ్చి భుజాన తగిలించాడు. ఆవిడ బయటికి వెళ్లి, మళ్లీ తలుపు తీసుకుని లోపలికి వచ్చింది. మొదటి అట్ట మీద "స్వాగతం. ఇక్కడ తాకండి" అని ఉంది. తాకింది. ఆయనకి ఎక్కడలేని ఆనందం వచ్చింది. రెండో అట్ట పెట్టాడు. "మీరు ఎవరి కోసం వచ్చారు?" అని పైన, నాలుగు విభాగాల పేర్లు కింద.

ఆవిడ వాటిని ఒక్కొక్కటే కూడబలుక్కుని చదివింది. వేలు గాల్లోనే ఆగిపోయింది.

"ఇందులో లేరండి," అంది.

మెషిన్ మాట్లాడకూడదు. ఆయన మాట్లాడలేదు.

"మా వారి కోసం వచ్చానండి. బోర్డులు రాస్తారు. మీరేమైనా చూశారా?"

వేళాకోళం ఆడుతోందనుకున్నాడు. వేళాకోళమే కావాలని కోరుకున్నాడు. మొహంలోకి చూశాడు. ముక్కూ మొహం తెలియనివాళ్ల కోసం ఇరవై ఎనిమిదేళ్లు పెట్టుకున్న మర్యాద నవ్వు అది. ఇంట్లో ఆయనకి దక్కినవి కసుర్లు, మూతివిరుపులు, పొట్ట చెక్కలయ్యే నవ్వులు. ఈ నవ్వు ఒక్కనాడూ దక్కలేదు.

"నేనే కదే," అన్నాడు. "ఇటు చూడు. నేనే."

ఆవిడ ఒక అడుగు వెనక్కి వేసి, సంచీని గుండెలకి అదుముకుంది. "మీ పని మీరు చూసుకోండి. ఆయన వస్తారు," అంది.

వరసలో తర్వాతి అట్ట పెట్టాడు. "కబురు పంపాము. దయచేసి కూర్చోండి." ఆవిడ అది చదువుకుని, ఊరట పడి, వెళ్లి కుర్చీలో కూర్చుంది.

"ఎంతసేపైనా ఫర్వాలేదండి," అంది కాసేపటికి. "కోపం జాస్తి మనిషి. నోరూ మంచిది కాదు. కానీ మాట ఇచ్చారంటే తప్పరు."

నలభై ఏళ్ల కాపురంలో ఆవిడ తనని మెచ్చుకోగా వినడం ఇదే మొదలు. అదీ పరాయివాడికి చెబుతున్నట్టు చెప్పింది. ఇక్కడ చూసినవాళ్లు ఎవరూ లేరు. తను చెప్పకపోతే కూతురికి తెలిసే దారే లేదు. రేపు పొద్దున్న మళ్లీ గుర్తుపట్టొచ్చు, గడ్డం సంగతి అడగొచ్చు. ఇంకో నెల, రెండు నెలలు ఇలా నెట్టుకురావచ్చు. కానీ ఆ మనిషి మీద అంత నమ్మకంతో ఆవిడ అక్కడ కూర్చుని ఉంటే, అబద్ధమాడడం ఆయన వల్ల కాలేదు.

వంటింట్లోకి వెళ్లి ఫోన్ చేశాడు.

"అమ్మా, ఆ హోమ్ వాళ్లతో మాట్లాడు," అన్నాడు.

"నాన్నా, నువ్వేమైనా తిన్నావా?" అంది కూతురు. ఆయన ఫోన్ పెట్టేసి, కుళాయి తిప్పి, ఆ చప్పుడులో బావురుమన్నాడు. మొహం కడుక్కుని హాల్లోకి వచ్చేసరికి ఆవిడ ఆత్రంగా తలెత్తింది.

"కనుక్కున్నారా?"

"కనుక్కున్నానమ్మా. బయల్దేరారట. కొంచెం ఆలస్యమవుతుందట."

ఆవిడ ఆయన్ని కింది నుంచి పైదాకా ఓసారి పరకాయించి చూసింది.

"మీరూ వచ్చి కూర్చోండి," అంది. "పొద్దున్నుంచి ఏమీ తిన్నట్టు లేరు."