పుల్లటి దాణా

పశువుల డాక్టరు తన మరదలి ల్యాబుకి రావడం అదే మొదటిసారి. అదీ ఒక చేతిలో దాణా బకెట్టుతో, ఇంకో చేతిలో ఆమె సంతకం పెట్టిన రిపోర్టుతో.

"రిపోర్టు ముచ్చటగా ఉంది చిట్టీ," అన్నాడు బకెట్టు బల్ల మీద దించుతూ. "చిక్కల్లా ఒకటే, ఆవులకి చదువు రాదు. విషం లేదని నువ్వు రాశాక కూడా పాలివ్వడం తగ్గించేస్తున్నాయి."

ఇంట్లో అందరికీ ఆమె చిట్టే. ల్యాబులో మాత్రం తొమ్మిదేళ్లు పండిన కెమిస్టు. తిండిలో, దాణాలో బూజు వల్ల పుట్టే విషాలను వెతకడం ఆమె పని. అక్క మొగుడు వేళాకోళమాడితే ఎప్పుడూ నవ్వుతూనే తిప్పికొడుతుంది. పని జోలికొస్తే మాత్రం ఒంటికాలి మీద లేస్తుంది.

"బావగారూ, మా మిషను అబద్ధం చెప్పదు. మీ ఆవులకి ఇంకేం జబ్బుందో చూసుకోండి."

"చూశాను తల్లీ. రక్తం చూశాను, పేడ చూశాను, తాగే నీళ్లూ చూశాను. ఇరవై మూడు ఆవులు. పది రోజుల్లో పాలు సగానికి పడిపోయాయి. రెండింటికి కళ్లు పచ్చబడ్డాయి. దాణా మీద అనుమానమొచ్చి ఆపించాను. నీ రిపోర్టు చూసి డెయిరీ నడిపే ఆవిడ నిన్న మళ్లీ మొదలుపెట్టింది."

ఆ చివరి మాట చురుక్కున తగిలింది. ఆమె కుర్చీ వెనక్కి నెట్టి లేచింది.

"ఆవిడకి ఫోన్ చేసి ఆపమనండి. నేనింకోసారి చూస్తాను."

దాణా అంటే అన్నీ కలిసిన గందరగోళం: మొక్కజొన్న, తవుడు, నూనె తీసిన చెక్క, ఇంకా ఏవేవో. మిథనాల్ కలిపిన నీటిలో వేసి గిలక్కొట్టి వడగడితే ముదురు గోధుమరంగు రసం దిగుతుంది. ఆ రసంలో ఎక్కడో ఉంటుంది విషం, ఉంటే. కిలో దాణాలో ఆవగింజలో వందోవంతుకన్నా తక్కువున్నా పాడిపశువులకు హద్దు దాటినట్టే. అంత కొద్దిపాటి విషాన్ని ఏరడానికి వేలెడంత ప్లాస్టిక్ గొట్టం ఒకటుంది. కాలమ్ అంటారు. అందులోని మెత్తటి ముద్దలో యాంటీబాడీలు ఉంటాయి. రద్దీ ప్లాట్‌ఫారం మీద మన మనిషిని చెయ్యి పట్టి ఆపినట్టు అవి ఆ ఒక్క విషాన్నే పట్టుకుంటాయి, మిగతాదంతా కిందికి కారిపోతుంది. ఆ తర్వాత వేరే ద్రావకం పోసి విషాన్ని విడిపించి, మిషన్లో కొలుస్తారు.

ఆమె బకెట్టులో నాలుగు చోట్ల నుంచి దాణా తీసి, కలిపి, మెత్తగా పట్టి అంతా మొదటినుంచీ చేసింది. బావ టీ గదిలో రెండు కప్పులు ఖాళీ చేసి వచ్చేసరికి తెర మీద గీత నున్నగా, గచ్చు పరిచినట్టుంది.

"లేదు," అంది.

నెగ్గినందుకు సంతోషించాలి. కానీ బావ ఈసారి జోకేమీ వేయలేదు. చేతిలోని రిపోర్టు మడతపెట్టి జేబులో పెట్టుకున్నాడు. ఆమె బకెట్టు పక్కకు జరపబోతూ వంగింది. ముక్కుకు సన్నగా పుల్లటి వాసన తగిలింది.

"బావా, ఇందులో కొత్తగా ఏం కలుపుతున్నారు?"

ఆయన ఫోన్ చేసి స్పీకర్ పెట్టాడు. డెయిరీ ఆవిడ గొంతు వెనక ఆవుల అరుపులు వినిపిస్తున్నాయి.

"నారింజ తొక్కల పొడండీ. పళ్లరసాల ఫ్యాక్టరీ నుంచి తెస్తున్నాం, నెలైంది. ఇష్టంగా తింటాయి. ఏం, అందులో ఏమైనా ఉందా?"

"ఇంకా తెలీదండీ. చూసి చెప్తాను," అంది చిట్టి.

ఆమె రెండు సీసాలు తీసుకుంది. ఒకదాంట్లో ఏ అనుమానమూ లేని మామూలు దాణా, రెండోదాంట్లో బకెట్టు దాణా. రెండింటిలోనూ తెలిసిన కొలత ప్రకారం తానే విషం కలిపింది. పద్ధతి సరైనదైతే, వేసింది దాదాపుగా తిరిగి రావాలి. మామూలు దాణాలో పది పాళ్లు వేస్తే తొమ్మిది వచ్చాయి. బకెట్టు దాణాలో ఒక్కటే వచ్చింది.

"మిగతా తొమ్మిదీ ఎవరు తినేశారు?" అన్నాడు బావ.

"ఎవరూ తినలేదు. కారిపోయుంటాయి."

ఇన్నేళ్లుగా కాలమ్ కింద కారిన రసాన్ని వ్యర్థాల డబ్బాలో పోయడమే గానీ, అందులో ఏముందో ఆమె ఏనాడూ చూడలేదు. అదృష్టంకొద్దీ ఇవాళ్టిది ఇంకా బీకరులోనే ఉంది. అందులో పులుపును పట్టిచ్చే రంగు కాగితం ముంచింది. కాగితం ఎర్రబడింది. తొక్కల పొడి పులుపంతా రసంలోకి దిగింది. ఆ పులుపుకు యాంటీబాడీల పట్టు సడలిపోయింది. పట్టుకోవాల్సినవాళ్లే చేతులు వదిలేస్తే విషం మిగతా వాటితో కలిసి దర్జాగా నడిచి వెళ్లిపోయింది. మామూలు దాణా పుల్లగా ఉండదు కాబట్టి, పులుపు చూడాలన్న ఆలోచనే ల్యాబులో ఎవరికీ రాలేదు.

ఈసారి బకెట్టులోంచి తాజాగా తీసిన దాణా రసంలో, కాగితం ఆకుపచ్చగా మారేదాకా పులుపు విరిచే బఫర్ ద్రావణం కలిపింది. కొత్త కాలమ్ గుండా చుక్క చుక్కగా వదిలింది. బావ ఊపిరి బిగబట్టి చుక్కలు లెక్కపెడుతుంటే, "మీరు చూస్తే తొందరగా ఏం కారదు, కూర్చోండి," అని కసిరింది. తెర మీద గీత కాసేపు నున్నగా నడిచి, ఒక్కసారిగా నిట్టనిలువునా లేచింది. హద్దుకు ఆరు రెట్లు.

బావ ఎగిరి గంతేయబోయి ఆమె మొహం చూసి ఆగిపోయాడు. ఆమెకు తల తీసేసినట్టయింది. లేదని రాసింది తనే.

ల్యాబు పెద్దను చాటుగా అందరూ ఫుల్‌స్టాప్ మేడం అంటారు. చుక్క తప్పిన రిపోర్టు ఆవిడ బల్ల దాటదు. చిట్టి ఆవిడ గదికి వెళ్లి నీళ్లు నమలకుండా జరిగిందంతా చెప్పేసింది.

"మన రిపోర్టు తప్పు మేడం. వెనక్కి తీసుకోవాలి. తొక్కల పొడి కలిసిన దాణాలు ఈ నెలలో ఇంకో నాలుగు వచ్చాయి. అవీ మళ్లీ చూడాలి."

మేడం కళ్లజోడు తీసి పక్కన పెట్టింది. "పద్ధతి ఎవరు ఆమోదించారు?"

"మీరు."

"సంతకం?"

"నాది."

"అయితే ఉత్తరం ఇద్దరం కలిసి రాద్దాం. ఉత్తరం వెళ్లేలోపు ఆ నలుగురికీ నేను ఫోన్ చేస్తాను. డెయిరీ ఆవిడకి నువ్వు చెయ్యి."

ఆ ఫోన్ చేయడమే అన్నిటికన్నా కష్టమైంది. "మీ దాణాలో విషం ఉందండీ. మొన్న లేదని రాసింది నేనే. పొరపాటు మాది," అంది చిట్టి.

"మా పచ్చకళ్ల దాని ముందు నిలబడి చెప్పండి ఆ మాట," అంది డెయిరీ ఆవిడ. "ఆదివారం రండి."

ఆదివారం చిట్టి బావ కారులో, అక్కను కూడా వెంటేసుకుని వెళ్లింది. అప్పటికి దాణా మారి నాలుగు రోజులైంది. విషం పాలలోకీ దిగుతుంది కాబట్టి ఆ నాలుగు రోజుల పాలూ పారబోశారు. చాలా ఆవులు మళ్లీ మేతకు మూతి పెడుతున్నాయి. కళ్లు పచ్చబడ్డవాటిలో ఒకటి కోలుకుంది, రెండోది ఇంకా తల వేలేసుకునే ఉంది. చిట్టి దాని పక్కనే చాలాసేపు నిలబడింది. డెయిరీ ఆవిడ ఓదార్చలేదు, తిట్టనూ లేదు. దాని గంగడోలు నిమురుతూ ఎన్ని ఈతలు ఈనిందో, ఎంత మొండిదో చెప్పుకుంటూ పోయింది. చిట్టి వింది.

తర్వాత ఇద్దరూ గోదాములోకి వెళ్లారు. తడి ఆరకుండానే బస్తాలకెత్తిన తొక్కల పొడి అడుగున బూజు పట్టి నల్లబడింది.

"పైనుంచి చూస్తే బంగారంలా ఉంది కదండీ," అంది డెయిరీ ఆవిడ.

"అందుకే నమూనా పైనుంచి తీయకూడదు. గునపంలాంటి పొడుగు గొట్టముంటే ఇవ్వండి, చూపిస్తాను."

ఇద్దరూ మోచేతులదాకా పొడి పులుముకుని, బస్తా బస్తాకూ అడుగునుంచి నమూనా తీస్తూ పోయారు. మూడో వరుస దగ్గర డెయిరీ ఆవిడ గొట్టం లాక్కుని, "మీరు పక్కకి జరగండి, మీకు బలం లేదు," అని తనే బస్తాలో గుచ్చింది. బయట కారులో అక్క హారన్ మీద హారన్ కొడుతోంది. లోపల ఇంకా పదిహేను బస్తాలున్నాయి.