రెండు పనిదినాల్లో జవాబు

ఊడిపోయిన గుండీకి జత వెతికి పంపడం కూడా ఒక వ్యాపారమేనా అని నవ్వినవాళ్ళే, తమ కోటు గుండీ ఊడితే ముందుగా ఆ అక్కాచెల్లెళ్ళకే ఈమెయిల్ పెట్టేవారు. ఫొటోతో పాటు కథ కూడా పంపేవారు. ఇది మా నాన్న కోటండీ, ఇది నా మొదటి ఉద్యోగం నాటి చొక్కా అండీ అంటూ. గుండీ వెతకడం చెల్లెలి పని, జవాబు రాయడం అక్క పని. చెల్లెలు ఏ నాలుగు ముక్కలు రాసినా ముందు అక్కకు పంపాలి, అక్క దిద్దాలి, ఆ తర్వాతే అవి గడప దాటాలి. పదేళ్ళు అలాగే నడిచింది.

రెండేళ్ళ క్రితం ఒక పెద్ద ఆర్డరు చేజారిపోయింది. వాళ్ళకు రాయాల్సిన పూట అక్క ఎవరో ముసలాయన కోటు కథకు రెండు పేజీల జవాబు రాస్తూ కూర్చుంది. చెల్లెలికి ఒళ్ళు మండింది. "నీ సోది చదివే తీరిక ఎవరికుంది? నీ బదులు ఒక మెషిన్ పెట్టుకున్నా నయమే!" అనేసింది. నోరా, వీపుకు చేటు తేకే అంటారు. ఈవిడ నోరు వీపుని వదిలేసి ఇంటికే చేటు తెచ్చింది. అక్క కళ్ళజోడు డబ్బాలో పెట్టుకుని, టీ కప్పు కిటికీ దగ్గరే వదిలేసి వెళ్ళిపోయింది. మళ్ళీ ఫోను చేయలేదు. ఈవిడా చేయలేదు. పంతంలో ఇద్దరూ ఒక తల్లి పిల్లలే మరి.

కానీ బెంగ ఊరుకుంటుందా? మంచి కథ ఏదైనా వస్తే చాలు, "అక్కా, ఇది విను" అంటూ ఖాళీ కుర్చీ వైపు తిరిగేది. తిరిగాక గుర్తొచ్చేది. ఆ రోజంతా ఏ గుండీకీ జత దొరికేది కాదు.

జవాబు లేని ఉత్తరాలు నాలుగు వందలు దాటాక, చివరికి ఆ మెషినే కావాల్సి వచ్చింది. మెషిన్ అంటే ఇనుపది కాదు లెండి, సాఫ్ట్‌వేర్. ఎవరు రాసినా దానంతటదే జవాబిస్తుంది, చెప్పిన రోజున చెప్పిన ఉత్తరం పంపుతుంది. మూడు కంపెనీలు రెండేసి వారాలు ఉచితంగా వాడి చూడమన్నాయి. సంబంధాలు చూసినట్టు చూసింది.

మొదటిదానికి తియ్యటి మాటలెక్కువ. "మీరిప్పుడు మా కుటుంబ సభ్యులు!" అని మొదలుపెట్టింది.

పక్కన కవర్లకు చిరునామాలు అంటిస్తున్న భర్త తలెత్తాడు. "ఒక్క గుండీ కొంటే కుటుంబంలో చేర్చేసుకుంటుందా? మీవాళ్ళు నన్ను చేర్చుకోవడానికి మూడేళ్ళు పట్టింది."

రెండోది తెరిస్తే అన్నీ గళ్ళూ బాణాలూ. తలేదో తోకేదో తెలియలేదు. మూడోది బుద్ధిగా ఉంది. ఎవరు రాసినా వెంటనే "మీ ఉత్తరం అందింది. రెండు పనిదినాల్లో జవాబిస్తాం" అని వెళ్ళేలా ముందు అది పెట్టింది. తర్వాత, చాలాకాలంగా రానివాళ్ళకు పంపే ఉత్తరం. అది రాయబోతే చెయ్యి ఆడలేదు. కంపెనీవాళ్ళే రాసిపెట్టిన నమూనా ఒకటుంటే అదే ఉంచేసింది. "ప్రయోగానికి ఒక చిరునామా ఇవ్వండి" అన్నచోట చిరునామా కొట్టి, పంపేసి, భోజనానికి లేచింది.

మర్నాడు చూస్తే లెక్క ఇలా ఉంది: పంపింది ఒకరికి, తెరిచింది పదకొండు సార్లు.

"ఒక్కరే పదకొండు సార్లా? ఎవరండీ ఆ పుణ్యాత్ములు?" అని చిరునామా చూసింది. అక్కది. ఏది రాసినా ముందు అక్కకు పంపే అలవాటు. రెండేళ్ళయినా వేళ్ళు మర్చిపోలేదు.

అక్కకు వెళ్ళిన ఉత్తరం మళ్ళీ చదివింది. "ప్రియమైన ........ గారూ, చాలాకాలంగా మీరు కనిపించడం లేదు. మీరు లేని లోటు మాకు తెలుస్తోంది." పేరు ఉండాల్సిన చోట చుక్కలు. అన్నంత పనీ చేసి మెషిన్ పెట్టుకుని, ఆ మెషిన్‌తోనే తనకు ఉత్తరం రాయించింది అనుకోదూ అక్క? ఇక ఈ జన్మలో గడప తొక్కుతుందా?

"ఫోన్ చేసి పొరపాటైందని చెప్పు," అన్నాడు భర్త.

"పొరపాటని ఎలా చెప్పనండీ? లోటు నిజమేగా!" అంది. అనేసరికి ఏడుపొచ్చింది. ఫోను తీసింది, పెట్టేసింది.

"సరే, రెండో ఉత్తరం కూడా ఉందా దీంట్లో?"

"శుక్రవారం పదింటికి. తిరిగొస్తే పది శాతం తగ్గింపు అని."

"మీ అక్కకి పది శాతం తగ్గింపా! ఓరి నాయనో, ముందు అది ఆపు తల్లీ."

ఆపలేదు. ఆ ఉత్తరంలో ఉన్నదంతా చెరిపేసి, దిద్దేవాళ్ళు లేకుండానే తన చేత్తో రాసింది. "అక్కా, నీ కప్పు కిటికీ దగ్గరే ఉంది. గుండీలు పోసుకుందామనుకున్నా, మనసొప్పలేదు. నీకంటే మెషిన్ నయం అన్నాను. కాదు. రా. తప్పులుంటే దిద్దు."

శుక్రవారం పదింటికి ఉత్తరం వెళ్ళింది. పది దాటి ఐదు నిమిషాలకు 'తెరిచింది: ఒకసారి' అని చూపించింది. అంతే. ఒక్కసారే. చెల్లెలు ఆ అంకె వైపే చూస్తూ కూర్చుంది. అరగంటకు అక్క నుంచి ఉత్తరం వచ్చింది.

"మొన్నటిది పదకొండు సార్లు చదివాను. నువ్వు రాసిన ముక్క ఒక్కటైనా దొరుకుతుందేమోనని. దొరకలేదు. ఇది మాత్రం నీదే. 'రా' అని ఒక్క అక్షరంతో వాక్యం రాయకూడదని నీకు ఎన్నిసార్లు చెప్పాను? పోనీ, అది అలాగే ఉండనీ."

కళ్ళు తుడుచుకుని జవాబు కొట్టబోయేలోపే ఫోను మోగింది.

"ఏమే," అంది అక్క. "నాకు రెండు పనిదినాలా?"

చెల్లెలికి అర్థం కాలేదు. తెర వైపు చూస్తే అర్థమైంది. అక్క ఉత్తరం చేరీ చేరగానే మెషిన్ తన పని తాను చేసేసింది.

"శని, ఆదివారాలు పోను మంగళవారం దాకా ఆగాలన్నమాట నేను. రెండేళ్ళు చాల్లేదా?"

"ఆగకక్కా," అంది చెల్లెలు. ఫోను చెవికి ఆనించుకునే కిటికీ దగ్గరికెళ్ళి, కప్పులో పేరుకున్న దుమ్ము ఊదింది.

ఫోను పెట్టేశాక భర్త మెల్లగా అడిగాడు. "ఇంతకీ మూడోదేనా మనం కొనేది?"

"నన్నడుగుతారేంటండీ?" అంది కప్పు కడుగుతూ. "సాయంత్రం అక్క వస్తోందిగా. చూసి చెబుతుంది."