లోపల వదిలిన గుడ్డ

"మా కోడలికి పెళ్ళినాటి జాకెట్టు ఈనాటికీ పడుతుంది" అని అత్తయ్య ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పేది. కుట్టుమిషను మీద వంచిన తల ఎత్తకుండానే మురిసిపోయేదాన్ని. పదహారేళ్ళలో నాకు దక్కిన మెప్పు అదొక్కటే. దాన్ని నిలబెట్టుకోవడం కష్టమేమీ కాదు. అందరికీ వడ్డించి ఆఖర్న తింటే చాలు.

మా ఆయన తాపీమేస్త్రీ. "బరువు మోసొచ్చినవాడికి ముందు" అంటుంది అత్తయ్య. తర్వాత ఇంటికి పెద్దదానికి, అంటే తనకి. గిన్నె అడుగున మిగిలింది నాది. పొద్దుటి నుంచి ఇరవై బడిచొక్కాలు కుట్టి ఉంటాను. అయినా కూర్చుని చేసే పనేగా, కూర్చున్నవాళ్ళకి ఆకలేమిటని వాళ్ళు అనుకున్నారు. కొన్నాళ్ళకి నేనూ అనుకున్నాను. "నాకంత ఆకలిగా లేదులే" అనే మాట నోట్లో అరిగి అరిగి నున్నగా అయిపోయింది. ఎవరూ అడక్కపోయినా అనేదాన్ని.

మా అమ్మాయికి పధ్నాలుగేళ్ళు. కాళ్ళు పొడుగని నానమ్మ దాన్ని మిడత అంటుంది. బడి జట్టులో ఎనిమిది వందల మీటర్లు పరిగెత్తుతుంది. సాయంత్రం మైదానం నుంచి చెమటతో వచ్చి, "నేను అమ్మతో తింటా" అని ఆగేది. నాన్నతో తినేయవే అంటే వినేది కాదు. పైకి కసిరేదాన్ని గానీ, లోపల పండగలా ఉండేది. ఇన్నేళ్ళకి నా పక్కన కూర్చోవడానికి ఒక మనిషి దొరికింది. గుడ్డు మిగిలితే దాని కంచంలో వేసేదాన్ని. అది సగం తుంచి నా కంచంలోకి తోసేది. నవ్వుకుంటూ తినేవాళ్ళం. ఒక్కళ్ళకి కూడా చాలనిదాన్ని ఇద్దరం పంచుకుంటున్నామని తట్టలేదు.

తట్టాల్సింది నిజానికి. టేపు నా మెడలోనే ఉంటుంది. దాని పరుగు పంట్లాం అంచున ఏటా మడత వదిలి కుడతాను. ఆ ఏడాది రెండుసార్లు మడత విప్పాను, నాలుగు వేళ్ళు పొడుగైంది. రెండుసార్లూ నడుము మాత్రం లోపలికి కుట్టాను. ఎదిగే పిల్లకి నడుము తగ్గడమేమిటి? ఇంకెవరి పిల్లయినా అయ్యుంటే అడిగేదాన్నేమో. కొలత మారితే గుడ్డని సరిచేయడమే నాకు తెలిసిన విద్య. సరిచేశాను. కుట్టు చక్కగా కుదిరిందని కూడా అనుకున్నాను.

తర్వాత అది కుంటడం మొదలుపెట్టింది. మోకాలి కింద ఎముక మీద వేలు పెడితే కెవ్వుమనేది. "ఎదిగే కాళ్ళు లాగుతాయే" అంది అత్తయ్య. నాలుగు నెలలుగా నెలసరి కూడా లేదు. "పోటీల ముందు పీడా పోయింది" అంది మిడత. నేనూ సరేననుకున్నాను.

డాక్టరమ్మ కాలికి ఎక్స్‌రే ఫొటో తీయించి చూసింది. ఎముక మీద వెంట్రుకవాసి చీలిక ఉందంది.

"ఇక పరిగెత్తలేనా?" అంది మిడత.

"పరిగెత్తుతావు. పరుగు ఎముకని గట్టి చేస్తుంది, కడుపుకి పెడితేనే. పెట్టకపోతే ఒళ్ళు ముందు నెలసరి ఆపుకుంటుంది, ఆ తర్వాత ఎముకని అరగదీసుకుంటుంది. ఇలాగే సాగితే మాత్రం మళ్ళీ విరుగుతుంది." నా వైపు తిరిగింది. "ఎవరితో కూర్చుని తింటుంది?"

"నాతోనేనండీ" అన్నాను, కొంచెం గర్వంగానే.

"మరి నువ్వేం తింటావు?"

నోరు తెరిచాను. నాకంటే ముందే మిడత అందుకుంది. "మాకు అంత ఆకలిగా ఉండదులెండి."

మాకు! నా అరిగిపోయిన మాట, నా గొంతుతోనే, దాని నోట్లోంచి వచ్చింది. ఇంట్లోంచి దానికి కడుపు నిండా అందింది ఆ ఒక్కటేనా అనిపించింది.

ఆ సాయంత్రం మా ఆయనకి చెప్పాను. "కొత్త స్లాబుకి రోజూ నీళ్ళు పట్టందే కింద ఆసరాగా పెట్టిన చెక్క విప్పనివ్వనే నేను. నా ఇంట్లో లేస్తున్న స్తంభాన్ని ఎండబెట్టాను" అన్నాడు.

"స్తంభాలు రెండు" అన్నాను. అంత మాట అనగలనని నాకే తెలియదు.

నాలుగు కంచాలు ఒకేసారి పెట్టాను. గిన్నెలు మధ్యలో పెట్టి నేనూ కూర్చున్నాను.

"ఇదేం చోద్యమే! వడ్డించేదెవరు?" అంది అత్తయ్య.

"చేతులు అందరికీ ఉన్నాయిగా అత్తయ్యా."

మా ఆయన గరిటె పట్టాడు. పప్పు సగం కంచంలో, సగం చాప మీద పడింది. "ఒరేయ్, గోడకి సిమెంటు కొడుతున్నావురా?" అంది అత్తయ్య. మిడత పొలమారేంత నవ్వింది. నేను రెండోసారి వడ్డించుకున్నాను. నా కంచంలోకి గుడ్డు వేసింది ఎవరనుకున్నారు? అత్తయ్యే. తర్వాత ఒకటి తనకీ వేసుకుంది.

ఆరు వారాలు మిడత పరుగెత్తలేదు. తిన్నది, పడుకుంది, మమ్మల్ని సతాయించింది. ఆ తర్వాత నడక, నడక మీద చిన్న పరుగు. మూడో నెలలో నెలసరి తిరిగొచ్చింది. ఆరో నెలలో పోటీలు.

ఆ పొద్దున పెళ్ళినాటి జాకెట్టు తీశాను. హుక్కులు అందలేదు. ఇంకోటి వేసుకుని పోయాను.

మిడత అయిదోదిగా వచ్చింది. గీత దాటాక కాలు పట్టుకోలేదు, నొప్పనలేదు. నేరుగా మా దగ్గరికొచ్చి "తినడానికేం తెచ్చారు?" అంది. మొదటి బహుమతి వచ్చినా అంత సంతోషం ఉండేది కాదు నాకు. "మిడత కాదే, గుర్రానివి!" అని అత్తయ్య వచ్చీపోయేవాళ్ళందరికీ చూపించింది.

ఇంటికొచ్చాక జాకెట్టు ముందేసుకుని పక్కకుట్లు విప్పాను. పదహారేళ్ళ కిందట లోపలికి మడిచిన గుడ్డ బయటపడింది. పైదంతా వెలిసింది గానీ, అది మాత్రం కుట్టిననాటి రంగులోనే ఉంది.

"అయ్యో, పెళ్ళినాటి జాకెట్టే!" అంది అత్తయ్య.

మిడత నా మెడలోంచి టేపు లాగి నా చుట్టూ తిప్పింది. "అమ్మా, రెండంగుళాలు పెరిగావు. రెండు వదలనా?"

"ఉన్నదంతా వదిలెయ్యి" అన్నాను. "నేనింకా ఎదుగుతాను."