చేస్తా చేస్తా

మనీలా నుంచి వచ్చిన బొమ్మల కట్టలో ముళ్లపందికి పద్నాలుగు ముళ్లున్నాయి. ఉండాల్సినవి పదమూడు. లోర్కన్ టియర్నీ ఐదు కాగితాలు ఎడమచేతి వేళ్ల సందుల్లో దూర్చి టపటపా ఆడించాడు. ముళ్లపంది టోపీ తీసింది, వంగింది, మళ్లీ పెట్టుకుంది. నడుమ ఒక్క కాగితంలో పద్నాలుగో ముల్లు మొలిచి మాయమైంది. దాని చుట్టూ నీలం పెన్సిలుతో సున్నా చుట్టి, పక్కన ‘వద్దు’ అని రాశాడు. కాగితం మీద ఆ మాట రాయడానికి అతనికెప్పుడూ ఇబ్బంది లేదు. నోటితో అనడానికే చచ్చే చావు.

ఆ ముళ్లపంది పేరు టప్పీ. పందొమ్మిదేళ్లుగా లోర్కన్ దాన్నే గీస్తున్నాడు, గీయిస్తున్నాడు, ఇతరులు గీసింది దిద్దుతున్నాడు. నలభై దేశాల్లో పసిపిల్లలు పొద్దున్నే టీవీ ముందు కూర్చుని దాన్ని చూసి కేరింతలు కొడతారు. దర్శకుడి పేరు చివర్లో రెప్పపాటు కనిపిస్తుంది. అప్పటికి పిల్లల్ని పళ్లు తోముకోమని ఎవరో కేకేస్తుంటారు.

అరవై ఒక్కేళ్ల మనిషి. పొడగరే గాని, దీపపు బల్ల మీదికి వంగీ వంగీ ఆ పొడవులో జానెడు ఎటో పోయింది. కుడిచేతి మధ్యవేలి మీద శనగగింజంత కాయ. మోచేతుల దగ్గర అతుకులేసిన ఊలు కోటు. బల్ల అడుగు సొరుగులో అతని సొంత సినిమా ఉంది. ఐర్లండులోని మాయో జిల్లాలో చెరువు మీద పడవ నడిపిన తండ్రి కథ, ఏడు నిమిషాలది. మూడున్నర నిమిషాల దగ్గర ఆగిపోయి ఎన్నేళ్లయిందో అతనికే గుర్తులేదు.

అసలీ ముళ్లపంది మెడకు చుట్టుకున్నది ఒక్క మాటవల్ల. అతను పుట్టిన వైపు ఎవరూ మొహం మీద కాదనరు. టీ తాగుతావా అంటే ముమ్మారు అబ్బే అన్నాకే కప్పు అందుకుంటారు. నిజంగా కాదనాల్సివస్తే, ఔనన్న మాటనే కాస్త సాగదీసి రెండుసార్లు అంటారు. పందొమ్మిదేళ్ల కిందట డబ్లిన్‌లో ఒక మందుశాలలో అమెరికా ఆయనొకడు, “మెడకు బో టై కట్టుకున్న ముళ్లపంది, ఇరవయ్యారు భాగాలు, చేసిపెడతావా?” అనడిగాడు. లోర్కన్ గ్లాసు దించకుండానే, “ఆఁ, చేస్తా చేస్తా” అన్నాడు. బల్ల చుట్టూ ఉన్న స్నేహితులు పగలబడి నవ్వారు. పాపం ఆ అమెరికా ఆయన సంతోషం పట్టలేక లేచి చెయ్యి కలిపాడు. పదిహేను రోజుల్లో ఒప్పంద కాగితాలు వచ్చాయి. కాదన్నానని చెబితే ఆయన ఎక్కడ చిన్నబుచ్చుకుంటాడోనని లోర్కన్ సంతకం పెట్టాడు. ఇంత అమాయకపు మొహమాటం ఆ చెరువు గట్టున పుట్టినవాళ్లకే సాధ్యం.

ఇవాళ నాలుగింటికి కాలిఫోర్నియా నుంచి ఫోను వస్తుంది. ఇంకో అయిదేళ్లు చేస్తావా అని అడుగుతారు. వద్దనాలి. వద్దంటే ఇక్కడ గీసేవాళ్లందరి పనీ పోతుంది.

పొద్దున భార్య నోరీన్ రొట్టెకు వెన్న రాస్తూ అడిగింది. “ఇవాళ చెప్పేస్తావా?”

“చెప్పేస్తా.”

“ఏమని?”

“అదే... వద్దని.”

“ఏదీ, నేనే అమెరికావాణ్ణనుకో. నాతో అను చూద్దాం.”

లోర్కన్ వెన్నకత్తి వైపు చూశాడు. “రొట్టె మాడింది.”

“నాతోనే అనలేనివాడివి, సముద్రం అవతలివాడితో ఏమంటావయ్యా!” అని నోరీన్ నవ్వింది. ఆ నవ్వులో సగం బెంగే.

మూడున్నరకి కాన్సెప్టా ఫర్లాంగ్ టీ, పందిమాంసం ముక్క పెట్టిన రొట్టె తెచ్చింది. ఆఫీసు నడిపేది ఆమే. మొదటి రోజు నుంచీ ఉంది.

“ఏంటా మొహం? ఎవరో పోయినట్టు?”

“పద్నాలుగో ముల్లు.”

“ముల్లు సంగతి సరే. బయట చూశావా? పొద్దుట్నుంచీ గీసేవాళ్లు ఇరవైరెండు మందీ టీ పెట్టే మిషతో నీ గది చుట్టూ ప్రదక్షిణాలు చేస్తున్నారు. ఆ ఊనాకి ఏడో నెల. పిచ్చిపిల్ల, నాలుగు కప్పులు తాగేసింది.”

“నేనేమంటానని వాళ్ల భయం?”

“నువ్వు ఏమీ అనవని నాకు తెలుసులే,” అంది కాన్సెప్టా. అదేమీ ఎత్తిపొడుపు కాదు. అందుకే అతనికి ఇంకా గట్టిగా తగిలింది.

నాలుగింటికి ఫోను మోగింది. కాన్సెప్టా మీట నొక్కింది. గదంతా వినబడేలా బ్రెంట్ అనే కుర్ర అధికారి గొంతు పలికింది.

“లోర్కన్! మిత్రమా! టప్పీకి నువ్వే తండ్రివి. ఇంకో అయిదేళ్లు మాతోనే ఉంటావు కదా?”

అద్దం తలుపు అవతల ఇరవైరెండు తలలు బల్లల మీదికి వంగాయి. ఒక్క పెన్సిలూ కదలడం లేదు. లోర్కన్ నోరు తెరిచాడు. మాట పెదవుల దాకా వచ్చింది, అక్కడే ఉండిపోయింది. పందొమ్మిదేళ్ల విసుగు, సొరుగులోని తండ్రి, పదమూడు ముళ్లు, అన్నీ కలిసి ఒక్కసారిగా తోసుకొచ్చాయి. అతను తన జన్మలో ఎవరినీ అంతగా కాదనలేదు.

“ఆఁ... చేస్తా చేస్తా.”

కాన్సెప్టా చేతిలో కప్పు ఆగిపోయింది.

“అద్భుతం!” అవతల చప్పట్లు వినబడ్డాయి. “విన్నారా అందరూ? ఒప్పుకున్నాడు!”

లోర్కన్ కాన్సెప్టా వైపు చూశాడు. ఆమె కూడా ఐర్లండు మనిషే, వెక్స్‌ఫర్డ్ వైపుది. ఆ మాటకు అర్థం ఆమెకు తెలియకపోవడమేమిటి? ఒక్క ముక్క చాలు. ‘బ్రెంట్, ఆయన వద్దంటున్నాడు’ అంటే చాలు. ఆమె అద్దంలోంచి బయటికి చూసింది, ఊనా పొట్ట మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది. కాన్సెప్టా తల దించుకుని మీట నొక్కి ఫోను ఆపేసింది.

“ఇంకేం, సరేనన్నావుగా,” అంది నేల చూస్తూ. “వాళ్లకి చెప్పొస్తా.”

బయట ఈలలు వేశారు. ఎవరో కేకు తెచ్చారు. దాని మీద కూడా ముళ్లపందే. లోర్కన్ ఒక ముక్క తిన్నాడు, బాగుందన్నాడు, ఊనా ఏడుస్తుంటే వీపు తట్టాడు. తర్వాత గదిలోకి వెళ్లి తలుపు వేసుకుని, బొమ్మలు గీసే తెల్ల కాగితం ఒకటి తీసుకున్నాడు. పేరూ పలకరింపూ లేకుండా, మధ్యలో, దర్శకుడి పేరు రాసే అక్షరాలంత శ్రద్ధగా, ‘వద్దు. నేనిక చేయను’ అని రాసి సంతకం పెట్టాడు. కవరులో పెట్టి, చిరునామా రాసి, స్టాంపు అంటించాడు. ఎడమ భుజం పొద్దుట్నుంచీ లాగుతూనే ఉంది, బల్ల మీదికి వంగి కూర్చున్నందుకేమో అనుకున్నాడు.

కాలువ వంతెన దగ్గర రోడ్డుకు అటువైపు ఆకుపచ్చ పోస్టు డబ్బా. ఇటువైపు బస్సు వచ్చి ఆగింది. డబ్బా దగ్గరికి పోతే బస్సు పోతుంది. తలుపు దగ్గర డ్రైవరు ఇతన్నే చూస్తూ ఆపి ఉంచాడు.

“ఎక్కుతారా సార్, లేదా?”

పాపం ఆపాడు కదా, వద్దంటే ఏం బాగుంటుంది. రేపు పొద్దున వేయొచ్చులే అనుకుని లోర్కన్ ఎక్కేశాడు. పై అంతస్తులో ముందు సీట్లో కూర్చున్నాడు. జూన్ నెల, ఆరు దాటినా ఎండ తెల్లగానే ఉంది. అద్దానికి తల ఆనించి కళ్లు మూసుకున్నాడు.

ఆ ఊళ్లో దిగేవాళ్లంతా డ్రైవరుకు థాంక్స్ చెప్పి దిగుతారు. చివరి స్టాపులో బస్సు ఖాళీ అయింది. పైనున్న పెద్దమనిషి గొంతు వినబడలేదని డ్రైవరు మెట్లెక్కి వెళ్లి చూశాడు.

మూడో రోజు ఇంట్లో ముందుగదిలో లోర్కన్ శవపేటిక తెరిచి ఉంచారు. వచ్చినవాళ్లు చెయ్యి తాకి, సిలువ గుర్తు వేసుకుని, వంటింట్లోకి వచ్చి టీ తాగారు. కాలిఫోర్నియా వాళ్లు పూలతో చేయించిన నిలువెత్తు టప్పీని పంపారు. పేటిక పక్కన గోడకు ఆనించారు. ఆఖరికి అక్కడ కూడా అదే.

కాన్సెప్టా నోరీన్ చేతులు పట్టుకుంది. “ఆఖరి రోజు కూడా మా అందరి కోసం సరేనన్నాడమ్మా. అంత మంచిమనిషిని నేను చూడలేదు.”

నోరీన్ చేతులు వెనక్కి తీసుకోలేదు. ఆస్పత్రివాళ్లిచ్చిన అతని వస్తువుల సంచిలోని కవరును ఆమె ముందురాత్రే విప్పి చదివింది, మళ్లీ అంటించింది.

“ఏ మాటన్నాడు, కాన్సెప్టా?” అని మెల్లగా అడిగింది. “సరేనన్నాడా? అచ్చంగా ఏ మాటన్నాడో అదే చెప్పు.”

కాన్సెప్టా నోరు తెరిచింది. పక్కన ఊనా కూర్చుని వింటోంది. కెటిల్ మరిగి దానంతట అదే ఆగింది. కాన్సెప్టా కళ్లు తుడుచుకుంది.

“పోనీలే,” అంది నోరీన్. “టీ తాగు.”

ఆమె ఆ కవరును పోస్టు చేయలేదు, చించలేదు. పొయ్యి గూటి మీద, పరామర్శ కార్డుల వరసలో నిలబెట్టింది. స్టాంపు మీద ఇంకా ముద్ర పడలేదు.