నడిమి సాలు

తెల్లవారేసరికి పెనుకొండ కొండ తల మబ్బులో మునిగి ఉంది. రాత్రి కురిసిన వానకు చేను పదునెక్కింది. ఊరంతా వేరుశనగ విత్తనానికి బయలుదేరితే నా బుర్ర మాత్రం గిటారు మీద ఉంది.

అది తొంభై ఎనిమిది. మా చర్చికి కొత్తగా కీబోర్డు వచ్చింది. "దాని మోతలో నీ గిటారు యాడా వినపడలేదు పుల్లన్నా. పై ఆదివారం వినపడితే సరి, లేకుంటే బీరువాలో పెట్టేద్దాం" అన్నాడు పాస్టరయ్య. మాట్లాడడం చేతకాని నాకు ఊళ్లో ఉన్న నోరు ఆ గిటారొక్కటే.

ధర్మవరం రైల్వేలో పనిచేస్తూ గిటారు వాయించే తిరుపాల్ దగ్గరికి పరుగెత్తాను. అతడు క్రాస్‌పికింగ్ చూపించాడు. వేళ్లతో కాదు, ఒక్క ప్లాస్టిక్ పిక్‌తోనే మూడు తీగలు వరుసగా మీటాలి. కిందికి, పైకి, కిందికి.

"కిందికి పోయిన చెయ్యి పైకి రావల్ల గదప్పా! నీది ఆడనే పండుకోనుండాది" అన్నాడు.

కొడవలి పట్టిన చెయ్యి మరి. తనవైపు లాగడమే తెలుసు.

వాన వెలిసిన ఆ ఉదయం చేలో విత్తే గొర్రు కట్టాం. గింజలు వదిలే జడ్డిగానికి మూడు రంధ్రాలు. ఒక్కో రంధ్రంలో వేసిన గింజ ఒక్కో సాలులో పడుతుంది. ఏటా వదిలేది నా భార్య మేరీ. ఈసారి నాకవి మూడు తీగల్లా కనిపించాయి.

"ఈ పొద్దు నేను ఇడుస్తా" అన్నాను.

"ఎద్దులు తోలేది ఎల్లప్ప, ఇడిచేది నువ్వు. ఇంగ నేను పాట పాడల్లా?" అంటూ మేరీ గట్టున కూర్చుంది.

కిందికి, పైకి, కిందికి. మధ్యాహ్నానికి మణికట్టు దానంతటదే ఆడింది. సాయంత్రం మేరీ సంచి ఎత్తి చూసి, "ఏమయ్యా, ఇన్ని గింజలు మిగిలినాయే?" అంది. పొదుపుగా వేశానని గొప్పగా చెప్పాను.

ఆ ఆదివారం గిటారు మోగింది. పాస్టరయ్య కీబోర్డు వాయించే అనిల్‌ను కాస్త తగ్గించమని సైగ చేశాడు. నా కుర్చీ నాకు దక్కింది.

మరుసటి ఆదివారం చర్చి నుంచి అందరం వస్తుంటే దారి పక్కనే మా చేను. చెనక్కాయ మొలిచింది. అటొక సాలు పచ్చగా, ఇటొక సాలు పచ్చగా, నడిమి సాలు బోడిగా. చేను పొడుగునా అంతే. కిందికి దిగినప్పుడు గింజ వదిలిన చెయ్యి, నడిమి రంధ్రం దగ్గర పైకి లేచినప్పుడు వదల్లేదు.

"ఏమప్పా పుల్లన్నా, ఏం పాట ఇత్తినావు?" అన్నాడు ఎల్లప్ప, అందరి ముందూ.

అందరూ నవ్వారు. మేరీ నవ్వలేదు.

ఇంటికొచ్చి సంగటి పెట్టింది. పక్కన ఇంత చెనక్కాయ ఊరుబిండి, రోట్లో నూరిన పచ్చడి. ఇంట్లో ఆ మిగిలిన విత్తనాలు తప్ప వేరే కాయలు లేవు. నడిమి సాళ్లన్నీ నా కంచంలో ఉన్నాయి.

కంచానికీ నోటికీ మధ్య కుడి చెయ్యి కిందికి, పైకి, కిందికి ఏ తడబాటూ లేకుండా ఆడింది.